పొగ లేని శుక్రవారం

పోయిన వారం వేలూరు బజారులో ఒక పుస్తకాల అంగడి ముందు నిలబడి ఉన్నాను. ఏటా ఒక డైరీ కొనుక్కోవడం నాకు అలవాటు. కాగితం మందంగా ఉండేది చూపించమని అడగడానికి మొహమాటపడి, బయట పేర్చినవాటినే తిరగేస్తూ ఉండగా వెనక నుంచి సాంబ్రాణి పొగ వచ్చింది. శుక్రవారం సాయంత్రాలు ఒక మనిషి ధూపపు పాత్ర ఊపుకుంటూ అంగడి అంగడికీ పొగ వేసి పోతాడు. నా చేయి దానంతటదే చున్నీని ముక్కు మీదికి లాగింది. ముక్కు మూసుకున్నాక, ఎవరూ చూడటం లేదు కదా అని, చున్నీలోంచే కొంచెం పీల్చాను. ఆ కొంచెంలోనే గుడియాత్తంలోని మా ఇల్లు, మా వీధి, మా అవ్వ అందరూ వచ్చేశారు.

మాది అరవ ఊళ్ళో తెలుగు మాట్లాడే నేతగాళ్ళ వీధి. ఒక ఇంటి గోడ ముగిసేచోట ఇంకో ఇంటి గోడ మొదలయ్యేది. ప్రతి ఇంట్లోనూ నేలలో గుంత తవ్వి బిగించిన మగ్గం. మా నాయన ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని లుంగీలు నేసేవాడు, అమ్మ పక్కనే రాట్నం మీద కండెలు చుట్టేది. పొద్దున లేచేసరికి వీధి పొడుగునా పడుగు సాగదీసి కట్టి ఉండేది. పెద్దవాళ్ళు దానికి గంజి పట్టించి, పొడుగాటి కుంచెలతో దువ్వుతూ ముందుకీ వెనక్కీ నడిచేవాళ్ళు. పిల్లలం దారాలకు తల తగలకుండా కింద నుంచి దూరి అవతలికి పోవాలి. తగిలితే కుంచె కర్రతో పిర్ర మీద ఒక్కటి పడేది. ఆ గంజిని నూలుకు పెట్టకముందే మేము గ్లాసులతో ముంచుకుని, ఉప్పూ మజ్జిగా కలుపుకుని తాగేవాళ్ళం.

“లుంగీకి పోయాల్సిన గంజంతా మీ కడుపుల్లో పోసుకోండి,” అనేది అవ్వ. “కట్టుకున్నోడు మెత్తగా ఉండాదని తిట్టుకోనీ.”

అవ్వ అంటే మా నాయన తల్లి. సన్నగా, నల్లగా, చెవులకు బరువైన కమ్మలతో ఉండేది. నేను పరిగెత్తే పిల్లను కాదు. నాలుగు అడుగులు ఉరికితే రొమ్ము పట్టేసేది. అందుకని మిగతా పిల్లలు ఆటకు పోతే నేను అవ్వ వెంటే తిరిగేదాన్ని. ఆమె కొంగు పట్టుకుంటే కట్టెల పొయ్యి పొగ, సీకాయ, సాంబ్రాణి మూడూ కలిసిన వాసన వచ్చేది. కళ్ళు మూసుకుని కూడా అవ్వ యాడ ఉందో చెప్పగలిగేదాన్ని.

వారమంతా ఒక ఎత్తు, శుక్రవారం ఒక ఎత్తు. ఆరోజు మధ్యాహ్నానికే మగ్గాలు ఆగిపోయేవి. నాయన పోగును అటూ ఇటూ దూర్చే నాడెను కళ్ళకద్దుకుని పక్కన పెట్టేవాడు. అమ్మ గుంతలోకి దిగి వారం రోజుల నూలు పీచు, తెగిన పోగులు, చిక్కుపడ్డ దారాలు చీపురుతో పైకి ఊడ్చేది. కిటికీలోంచి పడే ఎండలో ఆ పీచు వెండి రజనులాగా తేలుతుంటే నేను అరచేతులతో పట్టుకునేదాన్ని. అట్లా ఊడ్చిన కుప్పను ప్రతి ఇంటివాళ్ళూ తమ వాకిట్లో పోసేవాళ్ళు. దాని మీద పచ్చి వేపాకు, వావిలాకు కప్పి, పొద్దు వాలగానే అగ్గి పెట్టేవాళ్ళు. దోమలకు అదే మందు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పొగ కమ్ముకునేది. రంగు నూలు కాలే కమురు, వేపాకు చేదు, మధ్యలో ఎవరింట్లోనో వెల్లుల్లి వేగే వాసన.

అదే సమయానికి అవ్వ నాకు తలకు పోసేది. నువ్వులనూనె మాడుకు పట్టించి, సీకాయతో రుద్ది, వేడినీళ్ళు పోసి, తల తుడిచి, నులక మంచం మీద పడుకోబెట్టేది. మంచం పట్టీ మీద నుంచి నా జుట్టు కిందికి వేలాడుతుంటే, కింద మట్టి ధూపపు పాత్రలో నిప్పులు పోసి, సాంబ్రాణి చల్లి, దాని మీద వెదురు బుట్ట బోర్లించేది. నా జుట్టును బుట్ట మీద పరిచి, వేళ్ళతో విడదీస్తూ కబుర్లు చెప్పేది. వీధిలో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు, విరించిపురం నుంచి వచ్చిన పెళ్ళికూతురు ఎంత తింటుంది, అన్నీ నాకే. నా తల ఆమె చేతుల్లో ఉండేది. లోకంలో నేను సిగ్గుపడని చోటు ఆ మంచం ఒక్కటే.

అయిపోయాక మిరియాల చారుతో వేడన్నం. అది తిని లేచేలోపే నాకు పిల్లికూతలు మొదలయ్యేవి.

మొదట గొంతులో సన్నగా ఈల. తర్వాత మెడ కింద గుంట పడేటట్టు ఎగపీల్చడం. పడుకుంటే ఊపిరి ఆడదు, కూర్చుంటే నిద్ర రాదు. అమ్మ నన్ను భుజాన వేసుకుని ఇంట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేది. ఒకసారి నా పెదవులు నీలంగా అయ్యాయట. ఆ మాట అమ్మ ఇప్పటికీ చెప్పదు, నాయన చెప్పాడు.

మిగతా రోజుల్లో కూడా ఆయాసం వచ్చేది కానీ, శుక్రవారం మాత్రం తప్పేది కాదు. శుక్రవారమంటే తలకు పోసుకునే రోజు. అందుకని మా వాళ్ళందరూ ఒకే మాట మీదికి వచ్చారు. తల తడిస్తే నాకు నెమ్ము దిగుతోంది.

“తల సరిగా ఆరలా. అదీ సంగతి,” అంది అవ్వ. “రొంత సాంబ్రాణి జాస్తిగా పట్టాల.”

ఎదురింటి పెద్దమ్మ వచ్చి, “సాంబ్రాణి ఒక్కటే చాలదు, అందులో వాము, పసుపు కొమ్ము కూడా కాల్చి పట్టు వదినా. నెమ్ము పారిపోతాది,” అంది.

అవ్వ రెండూ చేసింది. గాలి తగిలితే తల చల్లబడుతుందని కిటికీ రెక్క కూడా మూసింది. నెమ్ము పారిపోలేదు. తర్వాతి శుక్రవారం ఇంకొంచెం ఎక్కువ పొగ, దానికి తగ్గట్టు ఇంకొంచెం ఎక్కువ ఆయాసం. ఆ ఆయాసం చూసి మళ్ళీ వారం ఇంకా పొగ. నాకు మాత్రం ఆ వాసన ఇష్టం. అవ్వ వేళ్ళు ఇష్టం. ఆ రెండూ కలిసి నా ఊపిరి పట్టుకుంటున్నాయని నాకెట్లా తెలుస్తుంది?

చివరికి నాయన మగ్గం ఆపి, నన్నూ అవ్వనూ వెంటబెట్టుకుని వేలూరు ఆసుపత్రికి బస్సెక్కాడు. మమ్మల్ని చూసిన డాక్టరమ్మ నడివయసు మనిషి. మేము మాట్లాడుకునేది విని తెలుగులోకి మారింది. ఆంధ్రా నుంచి వచ్చే రోగులతో మాట్లాడి నేర్చుకున్న తెలుగు.

“ఏం పాపా, ఆయాసం ఎప్పుడెప్పుడు వస్తోంది?”

నేను అవ్వ కొంగులోకి దూరాను. అవ్వ నా చెవిలో, “సినిమాలో మాదిరి మాట్లాడతా ఉండాదే ఈమె,” అని, పైకి గొంతు సవరించుకుని చెప్పింది. “శుక్రారం శుక్రారం వస్తాదమ్మా. తలకి పోస్తానే నెమ్ము దిగుతాది.”

“తలకు పోశాక ఏం చేస్తారు?”

అవ్వ పొంగిపోయి మొదటి నుంచి చెప్పింది. వాకిట్లో నూలు పీచు కాల్చడం, వేపాకు, వావిలాకు, ధూపం, బుట్ట, వాము, పసుపు కొమ్ము, కిటికీ మూయడం. ఒక్కటీ వదల్లేదు. నాయన నేల చూపులు చూడటం మొదలుపెట్టాడు. ఆయనకు సగంలోనే అర్థమైనట్టుంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. “పిల్లల ఊపిరి గొట్టాలు సన్నగా ఉంటాయవ్వా. ఈ పాపవి ఇంకా సున్నితం. పొగ తగలగానే లోపల వాచి, బిగుసుకుపోతాయి. మీకు కళ్ళు మండి ఊరుకునే పొగ ఈమెకు ఊపిరి ఆపేస్తుంది. లారీ పొగైనా, పొయ్యి పొగైనా, నూలు దుమ్మైనా అంతే.”

“సాంబ్రాణి సామి పొగ కదమ్మా?” అంది అవ్వ.

“లోపలికి పోయాక అదీ పొగే అవ్వా.”

తర్వాత డాక్టరమ్మ ఒక ప్లాస్టిక్ గొట్టం తీసింది. గట్టిగా ఊదితే దాని మీది ఎర్ర ముల్లు ముందుకు జరుగుతుంది. ఊపిరి ఎంత బలంగా బయటికి పోతుందో అది చెబుతుందట. నేను సిగ్గుతో ఊదాను, ముల్లు కదల్లేదు. మళ్ళీ ఊదితే కొంచెం జరిగింది. అవ్వకు అది తమాషాగా తోచింది. “నేను ఊదుతానే, ఇయ్యి,” అంది. డాక్టరమ్మ నవ్వి, మూతి భాగం మార్చి ఇచ్చింది. అవ్వ బుగ్గలు పూరించి, కమ్మలు ఊగేటట్టు ఊదింది. ముల్లు నా దానికంటే కాస్త ముందుకు పోయి ఆగిపోయింది. అంత పెద్ద మనిషికి అది చాలా తక్కువని డాక్టరమ్మ మొహం చూస్తేనే తెలిసింది.

“ఎన్నాళ్ళ నుంచి కట్టెల పొయ్యి మీద వండుతున్నారు?”

“పొయ్యి కాడే పుట్టినానని రాసుకోండి,” అని అవ్వ నవ్వింది. “నన్ను వదిలెయ్ తల్లీ. వచ్చింది పాప కోసరం.”

పీల్చే మందు ఇచ్చారు. ఒక చిన్న పఫ్, దానికి తగిలించే పొడుగాటి డబ్బా. ఊపిరి నెమ్మదించేదాకా పిల్లను పొగకూ నూలు పీచుకూ దూరంగా ఉంచమన్నారు.

తిరుగు బస్సులో అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. పళ్ళికొండ దాటాక బయటికే చూస్తూ, “ఇన్ని దినాలూ నా చేత్తోనే పెట్టినానా?” అంది.

“తెలిసి పెట్టినావా అమ్మా?” అన్నాడు నాయన. “నాకు మాత్రం తెలిసిందా? నేనే కదా పీచు కాల్చింది.”

వేలూరు శివారు బాగాయంలో మా అత్త ఉంది, నాయనకు అక్క. ఆ ఇంట్లో గ్యాసు పొయ్యి, మొజాయిక్ నేల, దూరంగా కొండ. ఎండాకాలం సెలవులు మొదలవుతూనే నన్ను అక్కడికి పంపారు. అక్కడ మగ్గం చప్పుడు లేదు. నిద్ర పట్టేది కాదు. మామ పొద్దున పూట నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గోడకున్న తెలుగు కేలండరు చూపించి అక్షరాలు నేర్పించాడు. మా వీధిలో అందరం తెలుగే మాట్లాడతాం కానీ చదవడం ఎవరికీ రాదు. “మీ అవ్వకి తిట్టను వచ్చు, రాయను రాదు,” అని మామ ఏడిపించేవాడు. ఈ మాటలు ఇట్లా రాయగలుగుతున్నానంటే ఆ కేలండరు వల్లే. పది రోజులు తిరక్కుండానే నేను మేడమెట్లు ఆగకుండా ఎక్కాను. పిల్లికూతలు పోయాయి. అందరికీ సంతోషం. నాకు మాత్రం రోజూ సాయంత్రం ఏడుపొచ్చేది. తలగడలో మొహం పెట్టుకుని ఏడ్చేదాన్ని. అత్త బాధపడుతుందని ఎవరికీ చెప్పలేదు.

నడుమ ఒకసారి నాయన నన్ను ఇంటికి తీసుకుపోయాడు. ఆరోజు శుక్రవారమే అయినా, మన ఇంట్లో మానేస్తే చాలనుకున్నారు. మా ఇంట్లో పొగ వేయలేదు కానీ వీధిలో వేశారు. వీధి మలుపులోనే దగ్గు మొదలై, మా గడప చేరేసరికి మెడ కింద గుంట పడింది. పఫ్ మీద పఫ్ పీల్చి తెల్లవారుతూనే తిరిగి బాగాయం చేరాను.

అత్త అవ్వకు ఫోన్ చేసింది. నేను పక్కనే నిలబడి విన్నాను. “అమ్మా, కోపం చేసుకోవద్దు. పాప ఈడనే ఉండనీ. బడి తెరిస్తానే ఈడనే చేర్చేస్తాం. నెలకొకతూరి నువ్వే వచ్చి చూసిపో.”

అవతల నుంచి అవ్వ గొంతు, “బడి తెరిచేదానికి ఇంకా దినాలుండాయి కదా,” అంది. ఫోన్ పెట్టేసింది.

ఆ దినాల్లో అవ్వ ఏం చేసిందో తర్వాత అమ్మ చెబితే తెలిసింది. మా ఇంట్లో గ్యాసు పొయ్యి అంతకు ముందే ఉంది. దాని మీద వండితే చారుకు రుచి రాదని అవ్వ దాన్ని అటకెక్కించింది. ఇప్పుడు తానే దించమంది. కట్టెల పొయ్యి పగలగొట్టి ఆ చోటు అలికేసింది. మగ్గం గుంతలో నీళ్ళు చిలకరించి, పీచు లేవకుండా తడిగుడ్డతో తీయమని అమ్మకు చెప్పింది. మగ్గానికీ ముందు గదికీ నడుమ దుప్పటి కట్టించింది. ధూపపు పాత్ర, బుట్ట తీసుకుపోయి గుడి పూజారికి ఇచ్చేసింది. ఇంట్లోని గుడ్డలన్నీ, తన చీరలతో సహా, ఉడకబెట్టి ఉతికింది.

అక్కడితో సరిపోదు కదా. పొగ వీధిది. అవ్వ ఇంటింటికీ పోయింది.

“కాల్చకుండా ఉంటే దోమలు పీకి తినవా?” అని అడిగిందట ఎదురింటి పెద్దమ్మ. “నీ మనవరాలి కోసరం మేమంతా రక్తం పోయాల్నా వదినా?”

“పొయ్యవే. యాభై ఏండ్లుగా ఆ రక్తంతో నువ్వు చేసింది నాతో కొట్లాడడమే కదా.”

“మరి ఆ పీచంతా ఏం చేసేది?”

“గోతాల్లో కట్టండి. నా కొడుకు సైకిల్ మీద ఊరి బయటికి మోస్తాడు.”

నాయనను అడగకుండానే ఆ మాట ఇచ్చేసిందట. నాయన మోశాడు. కొందరు సరే అన్నారు, కొందరు తలూపి మళ్ళీ కాల్చారు. వాళ్ళ వాకిట్లో అవ్వ పోయి కూర్చుంది. ఏమీ అనలేదు, ఊరికే కూర్చుంది. అవ్వ నోరు మూసుకుని కూర్చోవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరుగరు. దానికే భయపడి మానేశారని అమ్మ నవ్వుతూ చెప్పేది.

బడులు తెరవడానికి కొద్ది రోజుల ముందు అవ్వ బాగాయం వచ్చింది. ఎండలో బస్సు దిగి నడిచొచ్చి గడప బయటే నిలబడింది. నేను పరిగెత్తి, అవును, పరిగెత్తే, ఆమె నడుం పట్టుకుని కొంగులో మొహం పెట్టాను. సబ్బు వాసన. ఇంకేమీ లేదు. ఎవరో వేరే పిల్ల అవ్వను పట్టుకున్నానేమోనని తల ఎత్తి చూశాను.

“అవ్వా, నీ వాసన యాడికి పోయింది?”

“ఉతికేసినా,” అంది.

అత్త నీళ్ళు తెచ్చింది. “అమ్మా, మళ్ళీ పోయినసారి మాదిరి అయితే? పాప తట్టుకోలేదు.”

“శుక్రారానికి తీసకపోతా. ఆ ఒక్క సాయంత్రం చూస్తా. మూచ్చు పట్టుకుంటే నేనే తెచ్చి నీ ఇంట్లో విడిచిపెడతా. ఇంగెప్పుడూ అడగను,” అంది అవ్వ. మూచ్చు అంటే ఊపిరి. భయం వేసినప్పుడు అవ్వ నోట అరవ మాటే ముందు వచ్చేది.

ఇప్పుడు ఆ వీధిలో గుంత మగ్గాలు లేవు. కొన్ని ఇళ్ళు కరెంటు మగ్గాల షెడ్లయ్యాయి, కొన్ని మేడలయ్యాయి. వీధిలో పడుగు కట్టేవాళ్ళు లేరు, కట్టినా బండ్లు పోనివ్వవు. అవ్వ లేదు. చివరి ఏళ్ళలో ఆమెకూ ఆయాసం వచ్చింది. ఆ ప్లాస్టిక్ గొట్టం ఆరోజే చెప్పిన మాటను మేమెవరం పట్టించుకోలేదు, ఆమె పట్టించుకోనివ్వలేదు. నేను బాగానే ఉన్నాను. పఫ్ సంచిలో ఉంటుంది, దాని అవసరం తక్కువ. ఆ పొగ పోవడం మంచిదే. అయినా ఆ పొగతో పాటు పోయినవాటి కోసం ముక్కు ఇంకా వెతుకుతుంది. బజారులో చున్నీ కింద నేను చేసింది అదే.

కానీ ఆ శుక్రవారం మాత్రం ఉన్నదున్నట్టు గుర్తుంది. పొద్దు వాలింది. అవ్వ నాకు మధ్యాహ్నం ఎండలోనే తలకు పోసి మిద్దె మీద ఆరబెట్టేసింది. వాకిట్లో నులక మంచం మీద నన్ను కూర్చోబెట్టి, చారన్నం పెట్టి, వెనక కూర్చుంది. వీధిలో ఎక్కడా అగ్గి లేదు. అందరూ అరుగుల మీద ఉన్నారు. దోమలు మబ్బులా దిగాయి. చేతుల మీద, పిక్కల మీద, మెడల మీద ఒకటే చరుచుకోవడం. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు చటచటా చప్పుడు.

“పాపా, బాగా ఉండావా?” అంది పెద్దమ్మ ఎదురు అరుగు మీద నుంచి. “నువ్వు బాగుంటే సరి. మేము తెల్లారేసరికి ఉండం.”

అందరూ నవ్వారు. నేను సిగ్గుతో తల వంచుకున్నాను. అవ్వ నవ్వలేదు. నా వీపు మీద చెవి ఆనించింది. ఆమె కమ్మ చల్లగా తగిలింది. ఈల ఉందో లేదో వినాలి, కానీ ఆ చప్పుడులో ఏమీ వినబడటం లేదు.

“రొంతసేపు అందరూ ఊరుకోండప్పా,” అంది అవ్వ వీధి వైపు తిరిగి. “పాప మూచ్చు విననీండి.”

వీధి నిశ్శబ్దమైపోయింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగాయి. పెద్దమ్మ చెంప మీద దోమ వాలినా ఆమె కదల్లేదు, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుంది. నాయన గోతం కట్టే తాడు పట్టుకుని గడపలో నిలబడిపోయాడు. నేను పీల్చాను, వదిలాను. మళ్ళీ పీల్చాను, వదిలాను. అవ్వ చెవి నా వీపు మీద ఒక చోటు నుంచి ఇంకో చోటుకి జరిగింది.

“ఏమీ లేదు,” అంది అవ్వ, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత కొంచెం గట్టిగా, “ఏమీ లేదు. కొట్టుకోండి ఇంగ.”

వీధి మొత్తం ఒక్కసారిగా చరుచుకుంది.